బోరింగు నీళ్లు, కానుగ పుల్ల, గుట్కా పొట్లం: మన పండ్ల చరిత్ర

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో పండ్లు అంటే తినే పండ్లు కాదు, నోట్లో ఉండే పండ్లు. పుస్తకాల్లో పళ్లు అనీ దంతాలు అనీ రాస్తారు. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు మనం అనేది పండ్లనే కాబట్టి నేనూ అట్లే రాస్తున్నాను.

సంఘం పెద్దలు ఈ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమన్నారు. చరిత్ర అనగానే మీకు మేడారం, జోడేఘాట్, సేవాలాల్ మహరాజ్ గుర్తుకు వస్తారు. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు ఈ సంచికలోనే ఉన్నారు. నేను హాస్టల్ వార్డెన్ని. రోజూ పొద్దున అయిదున్నరకు నల్లాల దగ్గర పండ్లు తోముకునే పిల్లల వరుసను చూసేదాన్ని. అందుకే నాకు తెలిసిన చరిత్ర రాస్తున్నాను.

నిరుడు జనవరి 26న మా హాస్టల్‌లో గ్రూపు ఫొటో తీశారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఫొటో తీసే ఆయన "నవ్వమ్మా" అన్నకొద్దీ చున్నీ ఇంకా పైకి జరిగింది. తర్వాత పక్కకు పిలిచి అడిగితే, "నా పండ్లు మంచిగ లేవు మేడం, అందరు కడుగవా అంటరు" అంది. నేను నోరు తెరిచి నా పండ్లు చూపించాను. ముందు నాలుగు పండ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అంచుల్లో సుద్ద పూసినట్టు తెల్ల మచ్చలు. ఆ పిల్లవీ అచ్చం అట్లాంటివే. ఆమెది జనగామ వైపు తండా. నాది కూడా అటే.

మా తండాలో మొదట చేదబావి నీళ్లే తాగేవాళ్లం. నేను పుట్టిన రెండేళ్లకు కరువు వచ్చి బావి ఎండిందట. అప్పుడు తండా మధ్యలో బోరింగు వేశారు. మా యాడి ఆ బోరింగు దగ్గర మొదటి బిందె నింపిన రోజును పండుగలా చెప్పేది. అప్పటికి మా పెద్దన్నకు పదేళ్లు. ఆయన పండ్లు ఇప్పటికీ కొబ్బరి ముక్కల్లా ఉంటాయి. నావి, నా తర్వాత పుట్టిన ఇద్దరివి గోధుమ రంగు. నలుగురం ఒకే కానుగ చెట్టు పుల్లలు నమిలాం, ఒకే పొయ్యి బొగ్గుతో తోముకున్నాం, ఒకే గటుక తిన్నాం. మారింది నీళ్లు ఒక్కటే.

ఈ సంగతి నాకు అర్థమయ్యే నాటికి ముప్పై ఏళ్లు దాటాయి. అంతకు ముందు టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు, పాఠం చెప్పి చూపించే రోజున ఒక లెక్చరర్ అందరి ముందు, "పిల్లలకు పరిశుభ్రత నేర్పే టీచర్ పండ్లు ముందు శుభ్రంగా ఉండాలి కదమ్మా" అన్నారు. ఆ రోజు పాఠం కూడా పరిశుభ్రత మీదనే. ఆ రాత్రి ఇటుక పొడితో చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా తోముకున్నాను. చార పోలేదు. అది మురికి అయితే కదా పోవడానికి!

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర పండ్ల డాక్టరు వచ్చాడు. ఆ ఊరి పిల్లల్లో చాలామంది పండ్లు గోధుమ రంగులో ఉన్నాయి. ఎందుకని అడిగితే ఊరివాళ్లు తలా ఒకటి చెప్పారు. పంది మాంసం ఎక్కువ తినడం వల్ల అన్నారు కొందరు, పాలు మంచివి కావన్నారు ఇంకొందరు. మెకే ఆ మాటలతో ఆగలేదు. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, అక్కడే పుట్టి పెరిగినవాళ్ల పండ్లనూ పెద్దయ్యాక వలస వచ్చినవాళ్ల పండ్లనూ పోల్చి చూశాడు. వలస వచ్చినవాళ్లకు మచ్చలు లేవు. నీళ్లలోనే ఏదో ఉందని అనుమానించాడు. ఆ ఏదో ఏమిటో తేలడానికి 30 ఏళ్లు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లను పరీక్షించి అది ఫ్లోరైడ్ అని చెప్పాడు.

మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్లు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో మచ్చల పండ్లను, వంగిపోయిన నడుములను చూసి రాశారు. హైదరాబాద్ రాష్ట్రంలో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే డాక్టరు రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నల్లగొండ కథ మనకెందుకు అనుకోకండి. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. సర్కారు మ్యాపులో గీత మారినా, భూమి కింద ఉన్న నల్లరాయి మారలేదు. ఆ రాతి సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. పైపై నీళ్లు ఊరే చేదబావిలో అది తక్కువ. లోతుకు పోయే బోరులో ఎక్కువ.

మరి బోరింగు వేసినవాళ్లు తప్పు చేశారా? అట్లా అనలేను. మెట్ల బావిలో దిగి నీళ్లు ముంచుకునే రోజుల్లో నారి కురుపు అనే జబ్బు ఉండేది. కాలులో నుంచి దారం లాంటి పురుగు బయటికి వచ్చేది. మా దాది కాలి మీద దాని మచ్చ నేను చూశాను. బోరింగులు వచ్చి, మెట్ల బావులు మూతపడి, నీళ్లు వడపోసి తాగడం నేర్చుకున్నాకే ఆ జబ్బు పోయింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో నారి కురుపు లేదని ప్రకటించింది. అంటే మా దాది కాలిని కాపాడిన బోరింగే నా పండ్ల మీద చార గీసింది. చరిత్ర చాలాసార్లు ఇట్లాగే ఉంటుంది. ఒక చేత్తో ఇస్తుంది, ఇంకో చేత్తో తీసుకుంటుంది.

మీకు తెలియాల్సిన సంగతులు రెండు మూడు ఉన్నాయి. పండు చిగురు లోపల తయారవుతున్నప్పుడే, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు వయసులోనే, ఫ్లోరైడ్ ఈ మచ్చ వేస్తుంది. తర్వాత ఎంత తోమినా పోదు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో కనిపెట్టింది. దానికి పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. ఒక జిల్లా పేరు ప్రపంచం అంతా తెలిసింది, తెలిసిన కారణం మాత్రం ఇది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక నది నీళ్లు తండాలకు వచ్చాయి. అయినా నల్లా నీళ్లు చప్పగా ఉన్నాయని ఇప్పటికీ బోరు నీళ్లే తాగే ఇండ్లు ఉన్నాయి. ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లకైనా నల్లా నీళ్లు పట్టండి.

ఇంకో తిరకాసు. కొంచెం ఫ్లోరైడ్ పండ్లకు మంచిదే. మచ్చల పండ్లు అంత తొందరగా పుచ్చవని మెకే కూడా గమనించాడు. అందుకే 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ ఊరి నీళ్లలో కావాలనే కొద్దిగా కలిపారు. పేస్టులో ఉండే ఫ్లోరైడ్‌కు భయపడి పేస్టు మానేయకండి. చిన్నపిల్లలకు బఠాణీ గింజంత చాలు, మింగకుండా చూడాలి.

పుల్ల సంగతికి వస్తాను. మన ఇండ్లలో వేప, కానుగ, ఉత్తరేణి వేరు, మర్రి ఊడ, తుమ్మ పుల్ల, ఏది దగ్గరుంటే అది నమిలేవాళ్లు. ఇదేదో అడవిలో ఉండేవాళ్ల అలవాటు అని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. చరక సంహితలో పండ్లు తోమే పుల్లకు పనికొచ్చే చెట్లలో కరంజం పేరు ఉంది. కరంజం అంటే మన కానుగే. అరబ్బు దేశాల్లో, ఆఫ్రికాలో మిస్వాక్ అనే పుల్లను వందల ఏళ్లుగా వాడుతున్నారు. దొరికిన చోట ఆ పుల్లల వాడకాన్ని ప్రోత్సహించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే 1986లో చెప్పింది. నమిలితే పీచు కుంచెలా విచ్చుకుంటుంది. చేదుకు ఉమ్మి ఊరుతుంది, ఆ ఉమ్మే నోటిని కడుగుతుంది. మరి బ్రష్షు? పంది వెంట్రుకలతో చేసిన బ్రష్షు చైనా నుంచి యూరప్‌కు పోయింది. నైలాన్ కుంచె వచ్చింది 1938లో. అంటే మన తాతలు పుల్ల నములుతున్న రోజుల్లో చాలామంది దొరలు పంది వెంట్రుకలతో తోముకునేవాళ్లు. ఇందులో ఎవరు అనాగరికులో నేను తేల్చలేను.

అయితే పుల్లను మరీ నెత్తిన పెట్టుకోను. వెనుక దవడ పండ్ల లోపలి వైపుకు అది అందదు. గట్టిగా రుద్దితే చిగుళ్లు కిందికి జారతాయి. బొగ్గు, ఇటుక పొడి అయితే పండ్ల పైపొరను అరగదీస్తాయి. మా దాది పండ్లు పుచ్చలేదు గానీ, ముసలితనం నాటికి సగం అరిగిపోయి ఉండేవి.

ఉప్పు గురించి కూడా చెప్పాలి. లంబాడా అనే పేరు లవణం నుంచి వచ్చిందని కొందరు పండితులు అంటారు. 17వ శతాబ్దంలో గోలకొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియె, ఎద్దుల మీద సరుకులు మోసే బంజారాల్లో నాలుగు తెగలు ఉన్నాయనీ, ఒక తెగ గోధుమలాంటి ధాన్యం, ఒకటి బియ్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మాత్రమే మోసేవనీ రాశాడు. రైళ్లు వచ్చాక ఆ బేరం పోయింది. ఎద్దులు పోయాయి, పాట మిగిలింది, ఉప్పుతో పండ్లు రుద్దుకునే అలవాటు మిగిలింది. నేను చిన్నప్పుడు టీవీలో బొగ్గుతో తోముకునేవాణ్ణి వెక్కిరిస్తూ పండ్ల పొడి అమ్మేవాళ్లు. ఇప్పుడు అదే టీవీలో పేస్టులో ఉప్పుందా అని అడుగుతున్నారు, బొగ్గు కలిపిన నల్ల పేస్టు ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మా దాది ఉంటే ఏమనేదో!

తెల్లని పండ్లే అందం అనే మాట కూడా అన్ని కాలాల్లో, అన్ని చోట్లా లేదు. జపాన్‌లో పెద్దింటి ఆడవాళ్లు ఇనుము నీళ్లతో పండ్లు నల్లగా చేసుకునేవాళ్లు. 1870లో ప్రభుత్వం పెద్ద కుటుంబాలవాళ్లకు దాన్ని నిషేధించింది, 1873లో మహారాణి తెల్లని పండ్లతో జనం ముందుకు వచ్చాక ఫ్యాషన్ మారింది. వియత్నాంలోనూ ఆ అలవాటు ఉండేది. మన హైదరాబాద్‌లో పెళ్లయిన ముస్లిం స్త్రీలు మిస్సీ అనే నల్ల పొడి పెట్టుకునేవాళ్లు. అందం అనేది ఎవరి చేతిలో అధికారం ఉంటే వాళ్లు నిర్ణయిస్తారని నాకు అనిపిస్తుంది.

పండ్లు పుచ్చడం వేరే కథ. మచ్చ సిగ్గు పెడుతుంది, పుచ్చు ప్రాణం తీస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో భూపాలపల్లి వైపు అడవి పక్క గూడేల పిల్లలుండే హాస్టల్‌లో పనిచేశాను. చేరినప్పుడు కోయ పిల్లల నోళ్లు చూస్తే ముచ్చటేసేది. మూడు నాలుగేళ్లు హాస్టల్లో ఉన్నాక అదే పిల్లలు రాత్రుళ్లు దవడ పట్టుకుని ఏడ్చేవాళ్లు. హాస్టల్లో బ్రష్షు ఇచ్చాం, పేస్టు ఇచ్చాం. మరి ఇంటి దగ్గర లేని పుచ్చు ఇక్కడెట్లా వచ్చింది?

దీనికి జవాబు 1930లలోనే దొరికింది. వెస్టన్ ప్రైస్ అనే అమెరికా పండ్ల డాక్టరు దేశదేశాల్లో ఆదిమ తెగల దగ్గరికి పోయి నోళ్లు పరీక్షించి 1939లో పుస్తకం వేశాడు. పాత తిండి తినేవాళ్లకు పుచ్చు చాలా తక్కువ, తెల్ల పిండి, చక్కెర అమ్మే దుకాణం వచ్చిన చోట ఎక్కువ అని చూపించాడు. ఆయన చెప్పినవన్నీ నిజం కావు గానీ, ఈ ఒక్క సంగతిని తర్వాతివాళ్లూ ఒప్పుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర దొరకని నార్వేలో, జపాన్‌లో పిల్లలకు పుచ్చు తగ్గింది. యుద్ధం ముగిసి చక్కెర వచ్చాక మళ్లీ పెరిగింది.

మరి మన అడవిలో తీపి లేదా అంటారా? ఉంది. తేనె ఉంది, ఇప్ప పువ్వు ఉంది. ఇప్ప పువ్వులో బోలెడు చక్కెర ఉంటుంది. కానీ అవి రుతువుకు ఒకసారి. చాయ, బిస్కెట్, అయిదు రూపాయల చాక్లెట్ రోజుకు ఆరుసార్లు. ఈ తేడా ఎంత పెద్దదో స్వీడన్ దేశంలో తేలింది. తేలిన తీరు మాత్రం చెప్పడానికి మనసొప్పదు. లుండ్ అనే ఊరి దగ్గర విపెహోల్మ్ అనే ఆస్పత్రిలో మానసిక వికలాంగులను ఉంచేవాళ్లు. 1945 తర్వాత కొన్నేళ్ల పాటు ప్రభుత్వ డాక్టర్లు వాళ్ల మీద ప్రయోగం చేశారు. కొందరికి చక్కెరను భోజనంతో పాటు ఇచ్చారు. కొందరికి పండ్లకు అతుక్కునే మిఠాయిలను భోజనానికీ భోజనానికీ మధ్య ఇచ్చారు. మధ్యలో మిఠాయి తిన్నవాళ్ల పండ్లు దారుణంగా పాడయ్యాయి. చక్కెర ఎంత తిన్నామనేదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం అని లోకానికి తెలిసింది. ఆ తర్వాత స్వీడన్ పిల్లలకు మిఠాయి శనివారం మాత్రమే అనే అలవాటు చేశారు. అది మంచి అలవాటే. కానీ ఆ మంచి అలవాటు కోసం ఎవరి నోళ్లు పాడు చేశారు? అడిగే దిక్కులేని వాళ్లవి, ప్రభుత్వం నాలుగు గోడల మధ్య ఉంచి తిండి పెట్టే వాళ్లవి. వాళ్లను ఎవరూ ఒప్పుకుంటారా అని అడగలేదు. హాస్టల్ నడిపేదాన్ని కాబట్టి ఆ సంగతి చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి.

మన ఇండ్లల్లోనూ తిండి మారింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక జొన్న గటుక వెనక్కి పోయింది. ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. దాని వెనకనే చాయ వచ్చింది, చాయ వెనక చక్కెర. మా హాస్టల్ ఎదురుగా ఉన్న దుకాణంలో సాయంత్రం పిల్లలు కొనేది అంతా అతుక్కునే సరుకే. ఆపలేకపోయాను. ఒక్క నియమం మాత్రం పెట్టాను: రాత్రి అన్నం తిన్నాక పండ్లు తోముకోవాలి, ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ నోట్లో పెట్టకూడదు. మొదట్లో తిట్టుకున్నారు. ఇప్పుడు దవడ నొప్పి కేసులు తగ్గాయి.

పన్ను నొస్తే మనవాళ్లు పురుగు పట్టిందంటారు. జిల్లేడు పాలు పోస్తారు, వాకుడు కాయల పొగ పట్టిస్తారు. ఇది మూఢనమ్మకం అని నవ్వే ముందు ఆగండి. ప్రాచీన బాబిలోన్ మట్టి పలకల మీద కూడా పన్ను పురుగు కథ ఉంది. యూరప్ అంతా వందల ఏళ్లు అదే నమ్మింది. 1728లో పియెర్ ఫోషార్ అనే ఫ్రెంచి పండ్ల డాక్టరు పురుగు ఏమీ లేదని పుస్తకంలో రాశాడు. ఆయనకు పురుగు కనబడలేదు, మనకూ కనబడదు. అక్కడ ఉండేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు, అవి చక్కెర తిని పులుపును వదులుతాయి, ఆ పులుపు పన్నును కరిగిస్తుంది. జిల్లేడు పాలు పోస్తే చిగురు కాలుతుంది, పుచ్చు మాత్రం అట్లే ఉంటుంది. పన్ను పీకిస్తే కండ్లు పోతాయన్న భయం కూడా వదిలేయండి. కంటికి పోయే నరం వేరు, పంటికి పోయే నరం వేరు.

ఈ మందులన్నీ మనవాళ్లు ఎందుకు పట్టుకున్నారంటే డాక్టరు అందుబాటులో లేడు కాబట్టి. మన దేశంలో మొదటి పండ్ల వైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ ఆర్. అహ్మద్ పెట్టాడు. దానికి డబ్బు ఆయన నడిపిన ఐస్‌క్రీం, సోడా దుకాణం నుంచి వచ్చిందట! మన దగ్గర ప్రభుత్వ పండ్ల కళాశాల హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉంది. గంగారం మండలం గూడెం నుంచి అక్కడికి పోవాలంటే ఒక రోజు కూలీ, రెండు బస్సుల చార్జీ. పన్ను నొప్పికి ఎవరు పోతారు? చాలామంది వారం నొప్పి భరించి, దవడ వాచాక అంగడిలో కూర్చునేవాడితో పీకించుకున్నారు. ఇప్పుడు మానుకోటలో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కళాశాలలు వచ్చాయి. వాటి ఆస్పత్రులకు పోయి పండ్ల డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి, అవ్వలను తాతలను తోలుకపోండి. నోటి జబ్బులు ఉన్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది. మనం ఒక్కళ్లమే కాదు.

ఇప్పుడు రాయడానికి నాకు చేయి ఆడని సంగతి. మా అక్క కొడుకు ఆటో నడుపుతాడు. ముప్పై కూడా నిండలేదు. నోరు ఒకటిన్నర వేలు కంటే తెరుచుకోదు. కారం ముట్టుకోడు, ముద్ద చిన్నగా చేసి పక్కల నుంచి తోసుకుంటాడు. పోయిన పండుగకు మా అక్క చేసిన మటన్ కూర ముందు పెట్టుకుని లేచి పోయాడు. రాత్రి కిరాయిలప్పుడు నిద్ర రాకుండా గుట్కా మొదలుపెట్టాడట. "అన్నం కంటె చౌక చిన్నమ్మా, ఆకలి గూడ కాదు" అన్నాడు.

పొగాకు మన సంస్కృతి అని కొందరు పెద్దలు వాదిస్తారు. పంచాయతీలో, పెండ్లిలో హుక్కా తిప్పడం, ఆకులో పొగాకు చుట్టి ఇచ్చి మర్యాద చేయడం నేనూ చూశాను. ఆ మర్యాదను నేను కించపరచను. కానీ పొగాకు పుట్టింది అమెరికా ఖండంలో. పోర్చుగీసువాళ్లు తెస్తే మన దేశానికి వచ్చింది. మన అమ్మతల్లుల కాలం నాటి వస్తువు కాదు అది.

అలవాటు వెనక బతుకు ఉంటుందని మాత్రం ఒప్పుకుంటాను. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డచుట్ట అంటారు దాన్ని. గాలికి, తడికి నిప్పు ఆరకుండా, పని చేసుకుంటూ తాగడానికి అట్లా మొదలైందని చెబుతారు. దాంతో అంగిలి కాలి పుండ్లు పడతాయి, క్యాన్సర్ వస్తుంది. పిండ్‌బోర్గ్, మెహతా అనే డాక్టర్లు తోటివాళ్లతో కలిసి ఆంధ్రలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ఆ సంగతి అచ్చు వేశారు. మన భూపాలపల్లినే చూడండి. బొగ్గు గనుల్లో మీథేన్ వాయువు ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకపోవడం నిషేధం. ప్రాణాలు కాపాడే నియమం అది. కానీ బీడీ లేనప్పుడు చేయి తంబాకు నలుపుకోవడానికి పోతుంది. ఎక్కడి గని కార్మికుల్లోనైనా నమిలే అలవాటు ఎక్కువ ఉండడానికి ఇదొక కారణం.

గుట్కా వీటన్నిటి కంటే చిన్నవయసువాళ్లను పట్టింది. అందులో పొగాకు ఒక్కటే కాదు, వక్క ఉంది. వక్క వల్ల బుగ్గల లోపలి చర్మం గట్టిపడి, తాళ్లలా బిగుసుకుని నోరు మూసుకుపోతుంది. 1952లో ష్వార్ట్జ్ అనే డాక్టరు ఈ జబ్బును కెన్యాలో ఉన్న అయిదుగురు భారతీయ స్త్రీలలో చూసి రాశాడు. అంటే మనవాళ్లు సముద్రాలు దాటినా వక్క వెంట పోయింది, జబ్బూ వెంట పోయింది. అప్పట్లో అది అరుదు. పొట్లాలు వచ్చాక పాతికేళ్ల పిల్లల్లో కనబడుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో గుట్కాను నిషేధించారు. తెలంగాణ ప్రభుత్వం 2024 మేలో నిషేధాన్ని మళ్లీ పొడిగించింది. ఏ కిరాణంలో దొరుకుతుందో మీకు నాకంటే బాగా తెలుసు.

ఒక పని చేయండి. చదవడం ఆపి మీ మూడు వేళ్లు, చూపుడు, నడిమి, ఉంగరపు వేలు, నిలువుగా ముందు పండ్ల మధ్య పెట్టి చూడండి. మూడూ దూరితే మంచిది. రెండే దూరితే, కారం తగిలి నోరు మండుతుంటే, నోట్లో తెల్ల మచ్చ గానీ రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే, ఎవరికీ చెప్పకుండా అయినా సరే డాక్టరు దగ్గరికి పోండి. మానాలని ఉంటే 1800112356 నంబరుకు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు. మా అక్క కొడుకు మానేసి ఎనిమిది నెలలైంది. నోరు ఇంకా తెరుచుకోలేదు. బిగిసింది అంత సులువుగా వదలదు. కానీ అంతకంటే ఎక్కువ మూసుకుపోలేదు.

దసరా సెలవులకు పోయే ముందు మా హాస్టల్ పిల్లలకు నోటుబుక్కులో నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. మీ ఊరికి బోరింగు ఎప్పుడు వచ్చింది, నల్లా ఎప్పుడు వచ్చింది? మీ ఇంట్లో చాయ ఎవరి కాలంలో మొదలైంది? పుల్ల వేయడం ఎవరు, ఎప్పుడు మానేశారు? గుట్కా మొదట ఏ దుకాణంలో కనబడింది? ముసలివాళ్లను అడిగి రాయమన్నాను. కొత్తగూడ వైపు కోయ పిల్ల ఒకతె, తమ ఇంట్లో మొదటి చాయపత్తి పొట్లం తాత మేడారం జాతర నుంచి తెచ్చాడని రాసింది. ఒకరు దుకాణం పేరు రాసి మళ్లీ కొట్టేశారు. దుకాణం వాళ్లదేనట. ఈ సంచిక చదివే మీరు కూడా మీ తండా, మీ గూడెం జవాబులు రాసి సంఘానికి పంపండి. ఇవి ఏ గెజిటీర్‌లోనూ లేవు. చెప్పగలిగిన ముసలివాళ్లు ఏటేటా తగ్గుతున్నారు.

చున్నీ అడ్డం పెట్టుకున్న అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఆమె నోటుబుక్కులో ఇట్లా ఉంది: "బోరింగు: మా అమ్మ పెండ్లయి వచ్చినప్పటికే ఉంది. నల్లా: నేను ఒకటో తరగతిల ఉన్నప్పుడు వచ్చింది. మా చెల్లె అప్పటికి పుట్టలె. ఇప్పుడు చెల్లెకు కొత్త పండ్లు వచ్చినయి. తెల్లగ ఉన్నయి."